మునిగిన ఊరి మీద తెరచాప

నీళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. పుట్టింది నల్లగొండ మెట్టల్లో, బిందె నీళ్ల కోసం పంపు దగ్గర తల్లులు జుట్లు పట్టుకునే వీధిలో. ఆ పంపు దగ్గర నేర్చుకున్న నోరే తర్వాత బడిలో పిల్లలకు తెలుగు చెప్పడానికి, వాళ్లను అదుపులో పెట్టడానికి పనికొచ్చింది. అలాంటి దాన్ని పనిగట్టుకుని కృష్ణ మీద పడవెక్కుతానని బయలుదేరితే నన్నెరిగిన వాళ్లెవరూ నమ్మలేదు. హైదరాబాదులో ఉన్న మా బిడ్డ ఫోన్లో, "నీకేమన్న పిచ్చి లేసిందానే అమ్మా?" అంది.

పిచ్చి కాదు, భయం. ఆ ఎండాకాలం నుంచి మా ఆయనకు మతిమరుపు మొదలైంది. కొత్తకోటలో రోడ్డు పక్కన మాకు గొంగళ్లు, రగ్గులు అమ్మే చిన్న దుకాణం ఉంది. ఒకరోజు పొద్దున్నే దుకాణం తెరవడానికి పోయిన మనిషి మధ్యాహ్నం దాకా ఎవరింటి అరుగు మీదనో కూర్చుండిపోయాడు. అడిగితే కాళ్లు గుంజుతున్నాయని చెప్పాడు. ఇంకోరోజు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని, "బువ్వ పెట్టవా ఏంది ఇయ్యాల?" అన్నాడు. పరాచికమనుకుని నేను కసురుకున్నాను. పరాచికం కాదని ఆయన మొహం చూస్తే తెలిసింది.

మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు నెమ్మదస్తుడు. మా ఆయనను బయట కూర్చోబెట్టి నాతో అన్నాడు: "ఇది తగ్గేది కాదమ్మా. మెల్లగ పెరుగుతది. కొత్త సంగతులు ముందు పోతయి, పాతవి చివరిదాక ఉంటయి."

తిరుగు బస్సులో ఆ మాటే బుర్రలో గింగిరాలు తిరిగింది. ఆయన పుట్టి పెరిగిన ఊరు పాతది. ఆయన కాసిన గొర్రెలు, ఆయన తల్లి, తండ్రి, అంతా పాతవాళ్లు. కృష్ణకు అడ్డంగా కట్టిన ప్రాజెక్టు నిండినప్పుడు, ఆయనకు మీసాలు మొలిచే వయసులో, ఆ ఊరు నీళ్ల కిందికి పోయింది. నేను ఆ తర్వాత వచ్చిన కోడల్ని. అంటే ఇన్నేళ్ల కాపురం చేసీ ఆయన లెక్కలో నేను కొత్తదాన్నే. ముందు పోయేది నేనే. ఎప్పుడో పోయిన అత్త మీద, నీళ్లలో నానుతున్న ఊరి మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత మంట సవతి మీద కూడా ఉండదేమో.

ఆయనకు గుర్తుండిపోయేలా ఒక్క రోజు కావాలనిపించింది. దుకాణం, బడి, పిల్ల చదువు, ఇవే తప్ప మేమిద్దరం కలిసి సరదాగా ఎక్కడికీ పోయిన పాపాన పోలేదు. దసరా సెలవుల్లో ఒక సాయంత్రం ఆయనే అన్నాడు, "నీళ్లు జూడాలని ఉందే" అని. ఎండాకాలంలో కృష్ణ వెనక్కి తగ్గితే ఆ మునిగిన ఊళ్ల గోడలు బయటపడతాయి, పాతవాళ్లు పోయి చూసుకుని ఏడ్చి వస్తారు. ఆయన ఎన్నడూ పోలేదు. ఇప్పుడైతే వానలు వెలిశాయి, నీళ్లు నిండుగా ఉంటాయి, ఊరనేది కంటికి కనబడదు. నాకు కావలసిందీ అదే. పోదాం పద అన్నాను.

దసరా అయిన తెల్లారి కొల్లాపూర్ దాకా బస్సులో, అక్కడి నుంచి సోమశిల రేవుకు ఆటోలో పోయాం. పులిహోర, జొన్న రొట్టెలు, సద్దుల బతుకమ్మ నాడు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు కట్టుకున్నాను. ఆయన తెల్లటి చొక్కా, పంచె వేసుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు. "పంతులమ్మ నన్ను ఎత్తుకపోతున్నదన్నా" అని ఆటో అతనికి చెప్పి నవ్వించాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకా నన్ను ఏడిపిస్తున్నాడంటే ఇంకా నా వాడే.

పెద్ద లాంచీలో జనం, పాటలు. నాకు ఆ గోల వద్దు. పక్కన చేపల పడవ ఒకటి ఉంది. దాని మనిషి శ్రీకాకుళం వైపు నుంచి చేపల కోసం వచ్చి ఇక్కడే గుడిసె వేసుకున్నవాడు. ఎరువుల సంచులు విప్పి కుట్టిన తెరచాప, నీళ్ల లోతు చూసుకోవడానికి పొడుగాటి వెదురు గెడ, రెండు తెడ్లు, అదీ సరంజామా. "గాలి బాగుందమ్మా, తెరచాప ఎత్తేత్తాను, హాయిగా తిరిగొచ్చేద్దారి" అన్నాడు. నీళ్లలో తేలే ఎర్ర జాకెట్లు రెండిచ్చాడు. నేను బుద్ధిగా తొడుక్కున్నాను. మా ఆయన తనదాన్ని మడిచి కింద వేసుకుని కూర్చున్నాడు.

"తొడుక్కోవయ్యా."

"నేనేమన్న గొర్రెనానే, మెడకు కట్టనీకి?"

రేవు వెనక్కి పోయింది. ఎంత వద్దనుకున్నా బాగుందనే చెప్పాలి. ఎండ ఉంది గానీ కాల్చే ఎండ కాదు. నల్లమల కొండలు నీళ్లలోకి దిగి నిలబడ్డాయి. తెరచాప పొట్ట ఉబ్బించుకుని పోతోంది. మోటారు లేదు కాబట్టి పడవ కింద నీళ్ల గలగల తప్ప వేరే చప్పుడు లేదు. మా ఆయన మలీద ముద్ద కొరికి, "బెల్లం తక్కువేసినవ్" అన్నాడు. "తినేది తిని వంకలు పెట్టకు" అన్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. పెళ్లైన కొత్తలో కూడా నలుగురి ముందు అలా చెయ్యి వేసిన మనిషి కాదు. సిగ్గుతో పడవవాడి వైపు చూశాను, అతను తెరచాప తాడు చూసుకుంటున్నాడు. ఈ రోజును మాత్రం మరిచిపోనివ్వకు తల్లీ అని కృష్ణమ్మకు దండం పెట్టుకున్నాను.

రెండు ఒడ్లూ దూరమై సన్నటి గీతల్లా అయ్యాక, ముందు పసుపు పచ్చగా ఏదో కనిపించింది. దగ్గరికి పోతే పూలు. తంగేడు, గునుగు, బంతి. ఎక్కడో ఆడవాళ్లు నీళ్లలో వదిలిన బతుకమ్మ విడిపోయి వచ్చినట్టుంది. వదిలి మూడు రోజులై ఉంటుంది, కుళ్లి మునిగిపోవలసిన పూలు, ఇప్పుడే కోసినట్టున్నాయి. అంతకంటే వింత, చుట్టూ నీళ్లు కదులుతున్నాయి, మా పడవ కదులుతోంది, ఆ పూలు మాత్రం గుండ్రంగా చేరి ఒకేచోట నిలబడ్డాయి.

"ఇదేటమ్మా, ఊళ్లు ఇంత దూరముంటే ఇక్కడికెలా వచ్చినాయి?" అన్నాడు పడవవాడు. వెంటనే తనే, "కింద గోడలాంటిదేదో ఉండుంటాది, సుడి తిరుగుతాది" అని సర్దుకున్నాడు.

మా ఆయన నా మోకాలి మీద చెయ్యి తీశాడు. ముందుకు వంగి నీళ్లలోకి చూశాడు.

"మా ఊరోళ్లు బతుకమ్మను ఈడనే ఇడుస్తరు" అన్నాడు. "కుంట ఇదే."

విడుస్తరు అన్నాడు. విడిచేవాళ్లు అనలేదు. "ఇంక తిప్పు నాయనా, ఎండెక్కుతాంది" అన్నాను పడవవాడితో. గాలి అటే ఉందమ్మా, కొంచెం పోయి తిరిగేద్దారి అన్నాడతను.

ఆ తర్వాత దారి చెప్పడం మొదలైంది. మా ఆయన లేచి పడవ ముందుకు పోయి కూర్చుని, చెయ్యి చాపి, "జర ఎడమకు పట్టు. గిట్లనే బండ్ల బాట" అన్నాడు. పడవవాడు నవ్వుతూ ఎడమకు తిప్పాడు, పెద్దమనిషి ముచ్చట తీరుద్దామని. కొంత దూరం పోయాక, "ఆగాగు, గట్ల పోతవేంది? జొన్న చేను మీదికెల్లి పోతరా ఎవలన్న? కంకులేసింది, కండ్లు కనవడ్తలేవా? గట్టు మీదికెల్లి తిప్పు" అని గట్టిగా అరిచాడు.

ముందు అంతా నీళ్లే. గట్టు లేదు, చేను లేదు. నాకు కోపమొచ్చింది. "నీళ్ల మీద చేనేందయ్యా, పిచ్చి మాటలు! తిన్నగా పోనీ" అన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. జీవాలు తోలుకునే మనిషి మందను చేలో దింపితే దండుగ కట్టాల్సి వస్తుందన్న భయం ఆయన మొహంలో కనిపిస్తోంది. పడవవాడు నన్నూ ఆయననూ చూసి పడవను తిప్పాడు. పచ్చటి చేనేదో ఉన్నట్టు, ఆ ఖాళీ నీళ్ల చుట్టూ పెద్ద మలుపు తిరిగి పోయాం. మంద తోలిన మనిషి తప్ప ఇంకెవరూ అలా పడవ నడిపించరు.

"ఇగ మసీదు. గది పీర్ల సావడి. ఎదురుంగ కుమ్మరోళ్ల ఇల్లు" అన్నాడు. గొంతు తగ్గించాడు, మధ్యాహ్నం పూట జనం పడుకున్న ఊళ్లో మాట్లాడినట్టు. పడవవాడు గెడ తీసి, కుమ్మరోళ్ల ఇల్లని చూపించిన చోట నీళ్లలోకి దించాడు. సగం దిగేసరికి ఠక్కుమని తగిలింది. పక్కన దించితే దిగిపోయింది. మళ్లీ మొదటి చోట దించితే మళ్లీ ఠక్కుమంది. అతని మొహంలో నవ్వు పోయింది.

"బాబు ఎప్పుడు చూసినాడమ్మా ఇదంతా?"

"మునిగినంక మళ్ల రాలే" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

అప్పుడే గాలి పడిపోయింది. తెరచాప ఆరేసిన చీరలా వేలాడింది. నీళ్లు నూనె పోసినట్టు నున్నగా అయ్యాయి. పక్షి లేదు, చేప ఎగరడం లేదు, దూరంగా లాంచీలో పాటలు కూడా ఆగిపోయాయి. పడవ అడుగున ఎవరో వేలితో తలుపు తట్టినట్టు టక్, టక్ మని చప్పుడు. "ఎండిన చెట్టమ్మా, కొమ్మలు తగుల్తన్నాయి, భయపడకండి" అన్నాడు పడవవాడు. భయపడుతున్నది అతనే. టక్ టక్ మంటూనే ఉంది. లోపల ఉన్నవాళ్లు తెరవమంటున్నారా, బయట ఉన్న మమ్మల్ని రమ్మంటున్నారా అనిపించింది నాకు. చదువుకున్నదాన్ని, పిల్లలకు దయ్యాలు లేవని చెప్పేదాన్ని, జాకెట్ తాళ్లు గుప్పిట్లో బిగించాను.

పడవ దేనికో ఆనుకుని ఆగిపోయింది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. చెప్పులు విడిచి, రెంటినీ జతగా, నీట్లో పడకుండా పక్కకు పెట్టాడు. పంచె ఎగగట్టాడు. నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"మీరేడిదాక పోవాలెనమ్మా? మా ఇల్లొచ్చింది. పోయొస్త మరి."

ఒకే బస్సులో వచ్చిన పరాయి ఆడమనిషితో మాట్లాడినట్టు. మీరు అన్నాడు నన్ను. రోజూ రాత్రి నేను భయపడ్డది ఇదే. ఇంత ఎండలో, ఇన్ని నీళ్ల మధ్య, చొక్కా గుండీలు నేనే పెట్టి తీసుకొచ్చిన మనిషి నోటి నుంచి వచ్చింది.

ఆయన ఒక కాలు పడవ అంచు దాటించాడు. పడవ ఒరిగింది. పడవవాడు అవతలి కొసన బరువు వేసి, "అమ్మా, పట్టుకోండమ్మా! నేనిటొగ్గేత్తే తిరగబడిపోద్ది!" అని కేకలు పెట్టాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని గుంజాను.

"ఏమయ్యా! నేనయ్యా! ఇటు జూడు, నేను!"

"ఇడువమ్మా, ఎవలన్న జూస్తె బాగుండదు" అన్నాడు చెయ్యి విదిలించుకుంటూ. "ఇంట్ల మా అమ్మ ఎదురు జూస్తుంటది."

మన బిడ్డ అన్నాను, బిడ్డ పేరు చెప్పాను. దుకాణం అన్నాను. కొత్తకోట అన్నాను. ఏదీ ఆయనకు తగల్లేదు. ఆ మాటలన్నీ కొత్తవి. నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. ఆయన కాలితో కింద గడప కోసం వెతుకుతున్నాడు.

మా వైపు ఆడవాళ్లు మొగుని పేరు నోటితో పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. అవన్నీ మూఢనమ్మకాలని బడిలో పాఠం చెప్పే నేను కూడా, ఓటర్ల జాబితా రాసేవాళ్లు ఇంటికొచ్చి అడిగితే పక్కింటామెతో చెప్పించాను. కాపురమంతా ఏమయ్యా, ఇగో, ఇటు జూడు, వీటితోనే గడిచిపోయింది. కానీ మా అత్త నాకు తెలుసు. చివరి రోజుల్లో మా దగ్గరే ఉంది. వాకిట్లో నిలబడి కొడుకును ఎట్లా కేకేసేదో, పేరులో ఏ అక్షరం దగ్గర సాగదీసేదో నాకు బాగా తెలుసు.

"ఒరే," అన్నాను. ఆ పేరు పెట్టి అరిచాను. నా గొంతు కాదు, ఆమె గొంతు. "మంద లెక్కకు రాలేదురా! ఓ పిల్ల తక్కువైంది. గొర్రెపిల్లను అడివిల ఇడిసిపెట్టి ఇంట్లకొస్తవా? గడప తొక్కినవంటే కాళ్లిరగ్గొడ్త! కూసో!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. కాలు పైకి తీసుకున్నాడు. తలుపు దగ్గర దొరికిపోయిన పిల్లవాడిలా నన్ను చూసి, పడవలో కూలబడ్డాడు.

"ఏడికి పోయిందమ్మా?" అన్నాడు. "అన్నీ తోలుకొచ్చిన గద."

"అటు, ఒడ్డు దిక్కు పోయింది. పోయి తెచ్చుకుందాం. లేవకు మరి."

"లేవనమ్మా."

పడవవాడు గెడను ఆ గోడకో చెట్టుకో ఆనించి బలంగా తోశాడు. కిరకిరమని పడవ ఊడివచ్చింది. తెరచాపను నమ్ముకోకుండా తెడ్డు పట్టుకుని వెనక్కి చూడకుండా వేశాడు. మా ఆయన నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని, నీళ్ల మీద నాలుగు దిక్కులా వెతుకుతూ, నాలుక మడిచి మందను పిలిచే పిలుపు పిలిచాడు. నా ముందు ఎన్నడూ పిలవలేదు ఆ పిలుపు. రెండుసార్లు పిలిచాడు. మూడోసారికి ఒక గొర్రెపిల్ల అరిచింది.

ఒడ్డు మీద మందలు మేస్తాయి, అరుస్తాయి, నీళ్ల మీద చప్పుడు దూరం పోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ అరుపు ఒడ్డు వైపు నుంచి రాలేదు. మేము వదిలేసి వచ్చిన చోటి నుంచి వచ్చింది. పడవవాడు కూడా విన్నాడు. తెడ్డు ఒక్క క్షణం ఆగి, మళ్లీ రెండింతలు వేగంగా పడింది. రేవులో దిగాక కిరాయి చేతిలో పెడుతుంటే, "ఆ వైపు మళ్లీ వల కూడా వెయ్యనమ్మా" అన్నాడు, అంతే.

నేల మీద కాలు పెడితే తేరుకుంటాడనుకున్నాను. చాయ్ తాగించాను. తడిసిన పంచె పిండాను. "ఏమయ్యా" అన్నాను. పలకలేదు. "ఇగో, ఇటు జూడు" అన్నాను. వేరే ఎవరినో పిలుస్తున్నాననుకుని వెనక్కి తిరిగి చూశాడు. చివరికి పేరు పెట్టి పిలిస్తే, "ఆఁ అమ్మా" అన్నాడు. ఈ రోజు దాకా అంతే. మా ఇంట్లో ఇప్పుడు ఆయన పేరు రోజుకు వందసార్లు వినిపిస్తుంది, నా నోటి నుంచే. పిలిచిన ప్రతిసారీ పలుకుతాడు, చెప్పినట్టు వింటాడు, బెల్లం తక్కువైందని వంక పెట్టడు. నా మొగుణ్ని ఆ నీళ్లలోకి పోకుండా ఆపానో, ఆపడానికి నేనే అక్కడ వదిలేసి వచ్చానో నాకు తెలియదు. తలుచుకుంటే ఏడుపొస్తుంది, ఏడిస్తే ఆయన బెదిరిపోతాడు, అందుకని ఏడవను.

ఆ సాయంత్రం కొల్లాపూర్ నుంచి బస్సులో వస్తున్నాం. పొద్దు గూకుతోంది. కిటికీ పక్కన కూర్చుని, నా భుజం మీద తల ఆనించాడు. నిద్రపోయాడనుకున్నాను. వనపర్తి దాటాక మెల్లగా, ఎవరూ వినకుండా, నా చెవి దగ్గర అడిగాడు.

"అమ్మా, నాకు పెండ్లెప్పుడు జేస్తవే?"

ఏ తల్లైనా అడిగినట్టే అడిగాను.

"ఎసొంటి పిల్ల గావాల్రా నీకు?"

ఆయన సిగ్గుపడ్డాడు. పంచె కొస వేలికి చుట్టుకుంటూ ఆలోచించాడు.

"జర కొట్లాడే పిల్లను జూడు. సప్పుడు లేని ఇంట్ల నాకు భయమైతదమ్మా" అన్నాడు.

"చూస్త తియ్‌రా" అన్నాను.